ఆదివారం మూట

మొన్న మా బాబాయి తుపాకీని అప్పగించడానికి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఆయన పోయి రెండు నెలలైంది, లైసెన్సూ ఆయనతోనే పోయింది. హెడ్ కానిస్టేబుల్ తుపాకీ వివరాలు రాసుకుని, దాంతోపాటు తెచ్చిన రేకుపెట్టెలోంచి ఒక ఇనప మీట బయటికి తీశాడు. "ఇదేంటమ్మా, జంతికలు వత్తుకునేదా?" అన్నాడు. "కాదండీ, మా ఇద్దరి తగాదా" అన్నాను. రాసుకోవాలో వద్దో తేలక కలం పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

బాబాయిది చీరాలకి గంట దూరంలో నల్లరేగడి ఊరు. మిరప, పత్తి వేసేవాడు. అడవిపందులు చేలో పడి తవ్విపోస్తుంటే గాలిలోకి కాల్చి తరమడానికే ఆ ఒంటిగొట్టం తుపాకీ. కొన్న తూటాలు ఆయనకి ఆనవు. కాల్చిన ఇత్తడి గొట్టాలనే కడిగి, ఆరబెట్టి, మళ్ళీ ఇంట్లోనే నింపుకునేవాడు. నింపేముందు ఒక్కోదాని అడుగున నిప్పు పుట్టించే చిన్న రాగిబిళ్ళ కూర్చోబెట్టాలి. దాన్ని టోపీ అనేవాడు. పిన్ని ఉన్నన్నాళ్ళూ ఈ సరంజామాని వసారా మెట్టెక్కనివ్వలేదు. ఆవిడ పోయాక వసారా అంతా ఆయనదే అయింది, కాదనేవాళ్ళు లేక.

టోపీలు పెట్టడానికి ఆయన దగ్గరున్నది పిడికిట్లో పట్టుకుని బొటనవేలితో నొక్కే పాత పరికరం. చేతులు వణకడం మొదలయ్యాక ఆ వేలు నాదైంది. ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళేదాన్ని. వారమంతా కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి, ఆ ఒక్కరోజూ పక్క కల్లంలోంచి వచ్చే ఎండుమిర్చి ఘాటుకి తుమ్ముకుంటూ గొట్టాలకి టోపీలు పెట్టేదాన్ని. "నిదానమే అమ్మాయ్, దిగిందీ లేందీ వేలికి తెలియాలి" అని ఆయన పర్యవేక్షణ. ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్లో పెట్టిరావాలి కదా, అప్పుడు కూడా ఈ పని ఆగేది కాదు. "కాల్చడానికి తుపాకీయే లేదు కదా బాబాయ్" అంటే, "ముందుచూపు ఉండొద్దటే?" అనేవాడు.

కొత్త పరికరం కొందామని నేనే అన్నాను. ఏది కొనాలన్న దగ్గర ఒక మిరపకోత కాలమంతా వాదించుకున్నాం. బల్లకి బిగించి మీట నొక్కేది తీసుకుందామని నేను. వేలితో నొక్కేదే మరొకటి కావాలని ఆయన.

"బల్లకి బిగిస్తే బల్లకి తెలుస్తుంది, నాకేం తెలుస్తుందే?"

"వణికే వేలికి తెలిసేదేముంది?"

నా నోరు అంతే. ఆయన ఆ చేతిని కండువా కింద పెట్టుకున్నాడు. చివరికి నా మాటే నెగ్గింది. నేను ఓడిన వాదన ఇంతవరకు లేదు, అందుకే కాబోలు నా ఇంట్లో నాతో వాదించేవాళ్ళూ లేరు.

మీట వచ్చింది. మరుసటి ఆదివారం వెళ్తే దానిమీద గోనె కప్పి ఉంది. "వంకరగా ఎక్కిస్తోందే నీ మిషను, నీ వేలే నయం" అన్నాడు. నాలుగేళ్ళపాటు అదే మాట. నా ముందు పెట్టేవి డజను గొట్టాలే, అరగంట పని. మధ్యలో కాఫీ, పిన్ని మీద ఫిర్యాదులు, పత్తికి పట్టిన తెగులు, అన్నీ కలిపి మూడు గంటలు పట్టేది. మొన్న మాఘంలో విసిగిపోయి, "నేను నీకు మనిషినా, మిషన్నా? దాంతో చేసుకో, లేకపోతే ఆ తుపాకీ వదిలెయ్!" అని అరిచాను. "సరేలే అమ్మాయ్, బస్సు టైమైంది" అన్నాడు. వరసగా మూడు ఆదివారాలు వెళ్ళలేదు. నాలుగో ఆదివారం పొద్దున పక్కచేను రైతు ఫోన్ చేశాడు, నిద్రలోనే పోయాడని.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ మీటని తిప్పి చూసి, "ఏళ్ళ తరబడి బాగా వాడారమ్మా" అన్నాడు. నిజమే, పిడిమీద రంగంతా అరిగి ఇనుము మెరుస్తోంది. పెట్టె అడుగున పిన్ని పాతచీర చింపి కట్టిన మూటలు రెండున్నాయి. పెద్దదాని నిండా టోపీలు పెట్టిన గొట్టాలు. ఒక్కటీ వంకర లేదు. చిన్నదాంట్లో డజను ఖాళీవి. దానికి కట్టిన చీటీమీద, వణుకుడు రాతతో, 'ఆదివారం' అని ఉంది.

"అన్నీ చేసి ఇవెందుకు మిగిల్చారు?"

"నా వాటా అండీ" అన్నాను.

గొట్టాలు అక్కడే ఉంచుకుని మీట, చీటీ ఇచ్చేశారు. మీటని మా భోజనాల బల్లకి బిగించాను. ఇవాళ ఆదివారం. పొద్దున్నుంచి నాలుగుసార్లు నొక్కి చూశాను, తిన్నగానే దిగుతోంది. అరగంట పనిని మూడు గంటలు సాగదీయడం ఆయనకి తెలుసు. ఇంత పొడుగు ఆదివారాన్ని ఎలా కురచ చేసుకోవాలో నాకే ఇంకా పట్టుబడలేదు.