ఈశాన్యాన్ని కాపాడి గోడ కూల్చుకున్నాం

మీ ఇంట్లో మరుగుదొడ్డి ఏ మూలన ఉంది? అది అక్కడే ఉండాలని నిర్ణయించింది మీ అవసరమా, లేక దిక్సూచి పట్టుకొని వచ్చిన ఒక పెద్దమనిషా? "చెప్పినట్టు చేస్తే పోయేదేముంది" అని మీరూ తలూపారా? ఆ మాటకు ఎమ్మిగనూరులో ఏం పోయిందో చెబుతాను.

అక్కడ మగ్గాల వీధి చివర ఒక పఠన మందిరం ఉంది. మా తాతల కాలంలో నేతపనివాళ్లు కట్టుకున్నది. మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడలు, సున్నపు పూత, పైన మట్టి మిద్దె. తొలకరికి ముందు వీధివాళ్లంతా చవుడు మన్ను గంపలతో మోసి మిద్దె మీద పరిచి తొక్కేవారు. వాన లోపలికి దిగకుండా అదే కాపు. ఏటేటా పోసిన మన్ను బరువంతా ఆ గోడలే మోశాయి.

నేను ఆదోని నుంచి బస్సెక్కి వచ్చి వాదించడం నేర్చుకున్నది ఆ గదిలోనే. కులం ఎవరికి లాభం, వితంతువు బొట్టు పెట్టుకుంటే ఎవరికి నష్టం అని, మగ్గం ఆపి వచ్చి కూర్చున్న మనుషుల ముందు మైకు లేకుండా గొంతు చించుకున్నాను. ఒక్కటే కష్టం. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. వాదం మంచి పట్టులో ఉండగా లేచి వెళ్లిపోయేదాన్ని. ఓడిపోయి లేచాననుకునేవాళ్లు.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ లోటు అలాగే ఉంది. గోనెగండ్ల నుంచి ఒక అమ్మాయి వస్తుంది. కూలి పని లేని రోజుల్లో మొదటి బస్సుకు వచ్చి పోలీసు ఉద్యోగం పరీక్షకు చదువుకుంటుంది. వాళ్లది ఒంటిగది ఇల్లు, అందులో చదువుకు చోటు లేదు. ఒక ఎండాకాలం చెమటలు కక్కుతూ వచ్చిన ఆమెకు చెంబుతో నీళ్లిస్తే పక్కకు తోసింది.

"వద్దక్కా. తాగితే మళ్లా యాడికి పోవల్ల? ఇంటికి పోయినాకే తాగుతా."

ఆ మాట పట్టుకొనే నేను కమిటీ మీద పడ్డాను. అధ్యక్షుడు ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే పెద్దాయన. సభ్యుల్లో నోరున్నవాడు రిటైరైన భౌతికశాస్త్రం లెక్చరర్. నెలల తరబడి వాళ్ల వెంటబడి ఒక పథకానికి ఒప్పించాను. పాత గది రూపు చెడగొట్టకూడదు. మునుపెవరో మెత్తిన సిమెంటు గీకేసి మళ్లీ సున్నం పూయాలి, కరెంటు తీగలు మార్చాలి. ఈశాన్యాన ఉన్న ఖాళీ స్థలంలో కంప్యూటర్ల కోసం కొత్త గది, దాని పక్కన రెండు మరుగుదొడ్లు కట్టాలి. మాకున్న ఖాళీ స్థలం అదొక్కటే. అందరూ సరేనన్నారు.

పని మొదలుపెట్టే ముందు ఎవరో "ఒకసారి చూపిద్దాంలే" అన్నారు. వాస్తు పండితుడు వచ్చాడు.

"ఈశాన్యంలో దొడ్డా? సరస్వతి యాడ కూచుంటాది మేడం?" అన్నాడు.

"సదువుకునే పిల్లోల్లు యాడ కూచుంటారో అది సెప్పప్పా ముందు" అన్నాను.

అందరూ నవ్వారు. పండితుడు కూడా నవ్వాడు. నవ్వుతూనే వాయవ్య మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ ఖాళీ లేదు. పాత గోడకూ పక్కింటి ప్రహరీకీ మధ్య ఒక మనిషి నడిచే సందు ఉంది, అంతే. మరుగుదొడ్డికి గుంత తవ్వితే గోడ కాళ్ల కిందే తవ్వాలి. నేను అరిచాను. ఆ మూల వద్దనేవాళ్లను చేతులెత్తమన్నాను. గది నిండా మనుషులున్నారు. ఎత్తింది నేనూ గోనెగండ్ల అమ్మాయీ. సభ్యురాలు కాదని ఆమె చేతిని లెక్కలోకి తీసుకోలేదు.

శ్రావణంలో గుంత తవ్వారు. వాన పట్టుకుంది. గుంత నిండి నీళ్లు గోడ కిందికి చేరాయి. ఒక ఉదయం ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, గోడ కూలిపోయింది. మిద్దె మన్నంతా లోపలికొచ్చినాది. తాళం తీయకముందే పడింది కాబట్టి సరిపోయింది. నా పుస్తకాలు ఆడనే ఉండాయక్కా."

ఆదోని నుంచి బస్సులో నిలబడే వెళ్లాను. అన్నీ ఉరుకుంద ఈరన్న స్వామి శ్రావణ ఉత్సవాలకు పోయే జనంతో కిక్కిరిసిన బస్సులు. వెళ్లేసరికి వాయవ్య గోడ లేదు. దూలం ఒక చివర నేలను తాకింది. చదువు బల్లల మీద మోకాలెత్తు మన్ను. ఎవరి తాతలో గంపలతో మోసిన మన్ను అది.

పండితుడికి ఫోన్ చేశాను. "నేను మూల సెప్పినాను. గుంత లోతు సెప్పలేదు మేడం" అన్నాడు. అతడి మీద నాకు కోపం కూడా రాలేదు. అతడు తన సరుకు అమ్ముకున్నాడు. కొన్నదెవరు?

లెక్చరర్ ఇంటికి వెళ్లి అడిగాను. "నాకు మాత్రం నమ్మకముందా అక్కా? పెద్దాయన నొచ్చుకుంటాడని ఊరుకుంటి" అన్నాడు. పెద్దాయన్ని అడిగాను. "నాకేం పట్టింపు లేదమ్మా. సైన్సు సెప్పిన సారే వద్దనలేదు గదా. ఐనా మగ్గాలోల్లు ఏమనుకుంటారో అని" అన్నాడు. మగ్గాల వీధికి పోయి అడిగాను. "మాకేం తెలుసమ్మా, పెద్దోల్లు సేపిచ్చినారు" అన్నారు.

అక్కడే ఒక అరుగు మీద కూర్చుని లెక్క చూసుకున్నాను. ఒక్కరంటే ఒక్కరికి నమ్మకం లేదు. ప్రతి ఒక్కరూ పక్కవాడికి ఉందనుకున్నారు. మూఢనమ్మకంతో ఎలా పోట్లాడాలో నాకు తెలుసు. నమ్మకం లేకుండానే మోకరిల్లేవాళ్లతో ఎలా పోట్లాడాలి?

ఇప్పుడు కొత్త తీర్మానం వచ్చింది. మొత్తం పడగొట్టి కింద అంగళ్లు కడతారట, పైన మాకొక రూము ఇస్తారట. "పైకి మెట్లు ఏ మూలన పెడతారప్పా?" అని పెద్దాయన్ని అడిగాను. "అది చూపిద్దాం లేమ్మా" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు.

మిగిలిన మూడు గోడలూ నిలిచే ఉన్నాయి. మిద్దె మన్ను దించి, దూలానికి ఊతం పెట్టి, పడిన గోడను అదే రాయితో మళ్లీ లేపవచ్చునని చూసిన ఇంజనీరు చెప్పాడు. ఇంటింటికీ తిరిగి ఆ సంగతి చెప్పాను. అందరూ మజ్జిగిచ్చారు. ఎవరూ మాటివ్వలేదు.

గోనెగండ్ల అమ్మాయి ఇప్పుడు బస్టాండులో కూర్చుని చదువుతోంది. ఉరుకుంద జనం మూటల మధ్య, బస్సుల హారన్ల మధ్య ఒళ్లో పుస్తకం. "ఈడ బాత్రూమన్నా ఉందిలేక్కా" అంది. ఆ పుస్తకం కూడా అప్పు తెచ్చుకున్నదే. పరీక్ష దగ్గర పడింది. నిన్న చూస్తే అంతకుముందు చూసిన పేజీయే ఇంకా తెరిచి ఉంది.

కూల్చాలా, నిలపాలా అని ఈ ఆదివారం ఉదయం ఆ గోడ ముందే చేతులెత్తిస్తారు. ఈసారి సభ్యులే కానక్కర్లేదు, ఎవరైనా రావచ్చు. మీరు ఆదోనిలో ఉన్నా, ఎమ్మిగనూరులో ఉన్నా, దేవనకొండలో ఉన్నా రండి. అధ్యక్షుడి ముఖం చూడకండి, పక్కవాడి చెయ్యి లేచిందా అని చూడకండి. మీ చెయ్యి ఎత్తండి. "నాకు ఆ నమ్మకం లేదు. గోడ కట్టండి. మరుగుదొడ్డి ఖాళీ స్థలంలో కట్టండి" అని వెనక వరుసకు వినబడేలా చెప్పండి.