మూడొందలు కొడితే నలభై నాలుగు

ఆ వేళ కడియం నర్సరీలో షేడ్‌నెట్ కింద అందరూ గొంతులు చించుకుంటుంటే, గొంతు పెంచనిది రూబీ ఒక్కతే. గెలిచిందీ ఆ పిల్లే.

గొడవ మహాలక్ష్మమ్మ మీద. ముప్పై ఏళ్లుగా అక్కడే అంట్లు కట్టి, లారీలకి మొక్కలు లెక్కపెట్టి ఎక్కించే మనిషి. రోహిణీకార్తె ఎండకి రెండువేల మామిడంట్లు మాడిపోయాయి. యజమాని బుల్లియ్య గారు ఫోన్‌లో మూడొందల నిమిషాలని కొట్టి, తుంపర వదిలే పెట్టెకి పంపితే, నీళ్లు మధ్యలోనే ఆగిపోయాయట.

"వాల్వు నువ్వే కట్టేసుంటావు," అన్నారాయన.

"పెట్టె మీది, ఫోను మీది, తప్పు మటుకు నాదాండీ?" అంది మహాలక్ష్మమ్మ. మాట దురుసుగానే వచ్చింది గానీ లోపల భయమే. ఈ నింద నిలబడితే చుట్టుపక్కల ఏ నర్సరీ గేటూ తెరుచుకోదు.

ఆ పెట్టెలు బిగించిన కంపెనీ నుంచి ఉదయభాస్కర్ అనే పెద్ద ఇంజినీరు వచ్చాడు. అతని కింద ప్రోగ్రాం రాసే పిల్లే రూబీ. "మా పెట్టెలో లోపం లేదండి, మనుషులే..." అని అతను అందుకోబోయాడు.

"లోపం మనదే సార్," అంది రూబీ, ల్యాప్‌టాప్ విప్పి. "నలభై నాలుగు నిమిషాలకే పెట్టె తనంతట తానే ఆగింది. ఇదిగో, రాసుంది."

"మూడొందలు కొడితే నలభై నాలుగేంటమ్మా?" అన్నారు బుల్లియ్య గారు.

రూబీ ముసలామె వైపు తిరిగింది. "మామ్మగారూ, లారీకి మొక్కలెలా లెక్కపెడతారు?"

"వేలి కణుపుల మీద. నాలుగు వేళ్లకీ పన్నెండు. పన్నెండవగానే ఒళ్లో గులకరాయి వేసుకుంటా."

"రాయి మర్చిపోతే?"

"పదిహేనెక్కించినా చేతిలో మూడే ఉంటాయి."

"మన పెట్టెకి కణుపులు రెండొందల యాభై ఆరు. రాళ్లు లేవు. మూడొందల్లోంచి అవి పోతే మిగిలినవే నలభై నాలుగు."

బుల్లియ్య గారు కండువా తీసి మొహం తుడుచుకున్నారు. "పొరపాటైంది మహాలక్ష్మమ్మా," అన్నారు. ఆ నోట ఆ మాట రావడం ఆమె ఎన్నడూ వినలేదు.

రూబీ లూథరన్ చర్చి వీధిలో ఆరోన్ మాస్టారి కూతురు. చిన్నప్పుడు ఆదివారం పాటల నంబర్లు బోర్డు మీద పెట్టే పని తనదే. ఓసారి రెండంకెలు తారుమారైతే, పెళ్లిలో జనం సమాధి పాట ఎత్తుకున్నారు. పెళ్లికూతురు ఏడ్చింది. అప్పట్నుంచి ఏ అంకెనీ చూడకుండా లోపలికి రానివ్వదు.

బయట వ్యాన్ దగ్గర ఉదయభాస్కర్ రుసరుసలాడాడు. "ఫోన్‌లో పెద్ద అంకె కొట్టనివ్వకుండా ఓ అడ్డు పెట్టెయ్, సరిపోతుంది."

"పాత ఫోన్లలో ఆ అడ్డుండదు సార్. రేపు ఇంకోడు ఇంకో దారిలో పంపుతాడు. నెట్‌లో ఎవరు పంపినా, తన గుమ్మంలో పెట్టే చూసుకోవాలి."

"అన్ని నర్సరీల్లో బిగించిన నలభై పెట్టెలూ విప్పుతావా?"

"విప్పుతానండి."

విప్పింది కూడా. ఎండలో స్కూటీ మీద నర్సరీ నర్సరీకీ తిరిగి నలభై పెట్టెలూ ఊడదీసి పట్టుకొచ్చింది. అంకెకి చోటు పెంచింది. అంతటితో ఊరుకోలేదు. వచ్చిన అంకెని ఆ చోట్లో కుక్కకముందే నిండుగా చూడాలి. పట్టకపోతే కోసి మింగకూడదు, వద్దని తిప్పి పంపాలి. అలా రాసింది.

నెల తిరక్కుండా మొదటి పెట్టె పట్టుకుని మహాలక్ష్మమ్మ దగ్గరికే వచ్చింది.

"నాకెందుకే ఇది? మీ ఆఫీసులో చూపించావా?"

"చూపించానండి. వాళ్లంతా చదువుకున్నోళ్లు, బుద్ధిగా పదీ ఇరవయ్యీ కొడతారు. నాకు మీలాంటి వాళ్లు కావాలి."

"నాలాంటి పెంకిదా?"

"అవునండి," అని నవ్వి, రూబీ ఫోన్ ఆమె మట్టిచేతిలో పెట్టింది. "మీకు తోచిన పాడు అంకెలన్నీ కొట్టండి మామ్మగారూ. సున్నా కొట్టండి, సున్నాకీ వెనక్కి పోయే అంకెలు కొట్టండి, తొమ్మిదులు బారుగా కొట్టుకుంటూ పొండి. ఒక్కటి ఈ పెట్టె మింగినా నన్ను పిలిచి చీవాట్లు పెట్టండి. మీరు ఊఁ అనేదాకా ఏ నర్సరీలోనూ బిగించను."