బీదతనం కనపడల్ల

హిందూపురంలో కేంద్రం ఇచ్చే ఇళ్లకు పేదలను గుర్తించే ఆ వార్డు ఉద్యోగి నోట ఎప్పుడూ ఒకటే మాట: "బీదతనం కనపడల్ల." ఫోటోలో బీదతనం కనపడాలని ఆయన పట్టు; మనుషులను సెల్‌ఫోన్‌లోంచే చూసేవాడు.

మా తాతల మేడలో ఒక్క గదికే కప్పు మిగిలింది. అదీ కారుతుంది. ఆ స్థలంలోనే చిన్న ఇల్లు కట్టుకుందామని నా భార్య పేరున అర్జీ పెట్టాం. ఆయన వచ్చి మా రాతి స్తంభాలను చూసి తల పట్టుకున్నాడు.

"ఇవి ఫోటోలో పడితే పైనోళ్లు కొట్టేస్తారు సామీ. పక్కింటోళ్ల మేకల కొట్టం ముందర నిలబడండి."

"మా వంశంలో ఎవరూ అలా నిలబడలేదు," అన్నాను.

"వంశం తడస్తాండాది, రాండి," అంది నా భార్య, అప్పటికే కొట్టం ముందు నిలబడి.

ఇల్లు మంజూరైంది. తీరా మా స్థలంలో ముగ్గు పోసి ఫోటో తీయబోతే ఆయన ఫోన్ ఒప్పుకోలేదు. ఫోటో తీసిన జాగాను ఫోన్ గుర్తుపెట్టుకుంటుందట. మొదటి ఫోటో యాడ తీస్తే ఇల్లు ఆడే కట్టాలట.

"మీకు మంచి చేద్దామనుకుంటి సామీ," అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

మేకలాయన గోడ మీద నుంచి తొంగిచూశాడు. "మా జాగాలోనే కట్టండి సామీ. మీకే బాడుగకిస్తా."

నేను నోరు తెరిచేలోగా నా భార్య బాడుగెంతని అడిగింది.

"సమస్య తీరిపాయ సామీ!" అని ఆ ఉద్యోగి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.