ఎర్ర బిళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు

మా ఆయనకి పవర్ స్టేషన్‌లో ఉద్యోగం రావడంతో విజయవాడ నుంచి రాయచూరు దగ్గరి కాలనీకి కాపురం మార్చాం. అమ్మాయి పుట్టాక ఇంకొకరు ఇప్పుడే వద్దనుకుని గర్భం రాకుండా మాత్రలు వేసుకునేదాన్ని. రాత్రి భోజనం కాగానే ఒకటి. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. ఈ మాట తర్వాత ఎంతమందికి చెప్పుకోవాల్సి వచ్చిందో.

ఒక ఎండాకాలం దవడపన్నుకి చీము పట్టింది. పళ్ల డాక్టరు యాంటీబయాటిక్ రాశాడు. నా మాత్రలు కొనే రాయచూరు బజారులోని మందుల షాపుకే ఆ చీటీ కూడా తీసుకెళ్లాను. షాపాయన అది చూసి ఆగాడు.

"ఏందమ్మా, గవి వేసుకుంట ఇవి గూడ వేసుకుంటరా? గిట్ల రెండు కలిస్తే ఆ గోలీలు పనిచెయ్యవు. ఇంట్ల సార్‌కు చెప్పి జర పరహేజ్ ఉండుండ్రి, దూరం దూరం."

షాపు నిండా జనం. తల ఎత్తలేకపోయాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన హాల్లో చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. పక్కింటావిడ మాకేదో గొడవైందనుకుని సర్దిచెప్పడానికి వచ్చింది. నెల తిరిగింది, ఏమీ కాలేదు.

మరుసటి ఏడు దగ్గు పట్టుకుని వదల్లేదు. టీబీ అన్నారు. ఊళ్లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర వైద్యం మొదలైంది. మందుల్లో ఒక ఎర్ర బిళ్ల ఉండేది. అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుందనీ, భయపడొద్దనీ ఆయనే చెప్పాడు. పాత భయంతో అడిగాను.

"డాక్టరుగారూ, నేను పిల్లలు పుట్టకుండా మాత్రలు వేసుకుంటున్నాను. ఈ మందులతో కలిస్తే అవి పనిచేస్తాయా?"

ఆయన తల ఎత్తకుండానే రాసుకుంటూ, "ఎవరు చెప్పారమ్మా ఇవన్నీ? యాంటీబయాటిక్‌తో ఏమీ కాదు. నిశ్చింతగా వేసుకోండి," అన్నాడు.

నిశ్చింతగానే వేసుకున్నాను. దగ్గు తగ్గింది, ఒళ్లు కాస్త తేరుకుంది, అంతలో నెల తప్పింది.

"ఏదో ఒకరోజు మర్చిపోయుంటావు," అన్నాడు మా ఆయన. అమ్మా అదే అంది. పక్కింటావిడా అదే అంది. మాత్రల అట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "సరిగానే ఉందే, మరి ఎలా?" అన్నాడు, నేనేదో మోసం చేసినట్టు.

చివరికి ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. నా మందులన్నీ చూసి, "ఎర్ర బిళ్ల మొదలుపెట్టినప్పుడు వేరే జాగ్రత్త తీసుకోమని ఎవరూ చెప్పలేదా?" అంది.

"అడిగానండి. ఏం కాదన్నారు. అంతకుముందు పంటికి మందులు వాడినప్పుడేమో షాపాయన పనిచెయ్యవన్నాడు."

"మామూలు యాంటీబయాటిక్స్‌తో నిజంగానే ఏం కాదమ్మా. పంటికి వాడినవి అలాంటివే. ఈ టీబీ బిళ్ల మాత్రం వేరు. ఇది వాడుతుంటే గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఒంట్లో నిలవదు, దాని బలం త్వరగా పోతుంది."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అక్కర్లేనప్పుడు బజారులో అందరి ముందూ హెచ్చరించారు. అవసరమైనప్పుడు నోరు తెరిచి అడిగినా కసిరి పంపారు.

మా ఆయన్ని వెంటబెట్టుకుని టీబీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, "మాత్రలు వాడుతున్నట్టు ఆవిడ నాతో చెప్పలేదే," అన్నాడు.

మా ఆయన నావైపు చూశాడు.

"చెప్పాను. ఈ కుర్చీలోనే కూర్చుని అడిగాను," అన్నాను.

డాక్టరు బెల్లు నొక్కి తర్వాతి పేషెంటుని పిలిచాడు.

టీబీ మందులు మధ్యలో ఆపకూడదని లేడీ డాక్టరు గట్టిగా చెప్పింది. ఆపలేదు. బాబు ఆరోగ్యంగా పుట్టాడు, వాడి మీద నాకెప్పుడూ కోపం లేదు. ఆ తర్వాత కాపర్-టీ వేయించుకున్నాను.

బాబుని చూడ్డానికి వచ్చిన చుట్టాలు మాత్రం, "మాత్ర మర్చిపోయిందట పాపం," అని నా ముందే అనుకునేవారు. మొదట్లో కూర్చోబెట్టి ఎర్ర బిళ్ల సంగతి వివరించేదాన్ని. విని, తలూపి, "అయినా ఒకరోజు మర్చిపోయే ఉంటావులే," అనేవారు. తర్వాత చెప్పడం మానేసి కాఫీ పెట్టడానికి లేచి వెళ్లేదాన్ని.