మొగలి చాప మూల మడత

జాహిదా బేగానికి అరవై ఒకటో ఏట చాపలల్లే పిచ్చి పట్టింది. హైదరాబాదు విడిచి వచ్చి చేరిన దీవిలో, సెంగ్‌కాంగ్ అనే పేటలో పదకొండో అంతస్తు ఫ్లాటు, వంటింటి నిండా ముళ్లు తీసిన మొగలాకు కట్టలు. మనవరాలు నిదా స్కూలు నుంచి వస్తూనే ముక్కు మూసుకునేది. "దాదీ, ఇల్లంతా జంగిల్ స్మెల్ లాహ్!"

భర్త అఖ్తర్ అయితే మరీను. "హైదరాబాదుల సూదిల దారం ఎక్కియ్యనీకె కూడా నన్నే పిలిచేది. ఇప్పుడు చాపలల్లుతదంట, చాపలు!"

నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ పంట చేతికొచ్చేలోపు జాహిదా పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు.

నేర్పేది అదే బ్లాకులో మూడో అంతస్తు రోకియా. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. పిన్నమ్మను పిలిచినట్టు అందరూ 'మక్‌చిక్' అంటారు. ఆవిడ ముత్తాతలు పడవల్లోనే పుట్టి పడవల్లోనే పెరిగిన సముద్రపు మనుషులు. తెల్లదొరల ఓడలు ఈ దీవి మొహం చూడకముందే వాళ్ల ఆడవాళ్లు మొగలాకు చీల్చి, నానబెట్టి, ఎండబెట్టి చాపలల్లారు, పడవలకు కప్పులేశారు. ఆ వంశంలో ఇప్పుడు ఆ పని రోకియా వేళ్లలోనే మిగిలింది. ఆ వేళ్లు కూడా కీళ్లవాతంతో ముడుచుకుపోతున్నాయి.

పైగా ఒక లోటు. నానమ్మ అల్లిన పాత చాప ఒకటి ఆవిడ దగ్గరుంది. దాని మూలలకు ముడి లేదు, కుట్టు లేదు, అయినా ఇనుములా బిగిసి ఉంటాయి. ఆ మడత నలభై ఏళ్లుగా రోకియాకు పట్టుబడలేదు. ఎన్నిసార్లు చేసినా మూల విచ్చుకునేది.

"నా వేళ్లు పూర్తిగా మొరాయించేలోపు ఇది తేలకపోతే నానమ్మ పని నాతోనే పోతుంది," అని ఒకరోజు మలయ్, ఇంగ్లిష్ కలగలిపి చెప్పి కళ్లొత్తుకుంది. జాహిదా గుండె చెరువైంది.

ఇక్కడ జాహిదా గుట్టొకటి చెప్పాలి. ఆమెది పుర్రచెయ్యి వాటం. చిన్నప్పుడు ఆ చేత్తో ముద్ద ఎత్తితే చాలు, తల్లి చురుక్కుమని ఒకటి అంటించేది. "తౌబా! మంచి పనికి కుడిచెయ్యే పెట్టాలె!" రోకియా కూడా నమాజు తప్పని మనిషాయె. అంతటి పెద్దావిడ ముందు ఎడంచెయ్యి ఆడిస్తే మర్యాదా? అందుకని ఐదు నెలలుగా కుడిచేత్తోనే కుస్తీ. చాపలన్నీ వంకర, మూలలన్నీ వదులు.

ఒక ఆదివారం రోకియా ఇంట్లో మూల పదకొండోసారి ఊడింది. రోకియా టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. జాహిదాకు ఒళ్లు మండిపోయింది. "యా అల్లా, ఎంత సతాయిస్తవే!" అని చాపను తిట్టి, ఆకును ఎడంచేతిలోకి లాక్కుని, అవతల నుంచి ఇవతలికి తిప్పి ఒక్క నొక్కు నొక్కింది. మూల కరుచుకుంది. లాగి చూసింది, రాలేదు. పాత చాప పక్కన పెట్టి చూస్తే అచ్చు గుద్దినట్టు అదే మడత.

తలెత్తేసరికి గుమ్మంలో టీ కప్పులతో రోకియా. జాహిదా గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకుంది. "మాఫ్ చెయ్యి మక్‌చిక్. నాది ఎడంచెయ్యి..."

రోకియా కప్పులు కింద పెట్టి, అక్కడే నేల మీద కూలబడింది.

"మూల మడిచేటప్పుడు నానమ్మ మమ్మల్నందర్నీ అవతలికి తోలేది. ఆ పనేదో మాకు దక్కనివ్వకుండా దాస్తోందని ఇన్నేళ్లూ ఆవిడ మీద కోపం పెట్టుకున్నా." పాత చాప మూలను వేలితో తడిమింది. "అది దాపరికం కాదు, సిగ్గమ్మా, జాహిదా. పాపం, నానమ్మదీ ఎడంచెయ్యే, నీలాగే సిగ్గుపడి దాచుకుంది."

వంకరపోయిన వేళ్లతో జాహిదా ఎడంచెయ్యి ముందుకు లాక్కుని నొసటికి ఆనించుకుంది. "అయ్యో, పెద్దదానివి!" అని జాహిదా అన్నా రోకియా వదల్లేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని చాపను ఆమె ముందుకు తోసింది.

"ఇంకో మూల మడువు. మెల్లగా. నేను చూడాలి."