మావయ్య బిగించిన గేరు నాబ్

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పోయినవారి గురించి నాలుగు మంచి మాటలే రాయాలని నాకూ తెలుసు. ఆ నాలుగూ వెతికి వెతికి అలసిపోయి, చివరికి పగతోనే ఈ నివాళి రాస్తున్నాను. గత నెల మా మావయ్య పోయాడు. మధ్యాహ్నం భోంచేసి, మజ్జిగ పలచగా ఉందని వంకపెట్టి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

ఆయన భిలాయి స్టీల్ ప్లాంటు మెషిన్ షాపులో చేసి రిటైరయ్యాడు. బిగించడం ఆయన మతం. వైశాలి నగర్‌లో ఆయన ఇంట్లో కాలింగ్ బెల్లు నుంచి దేవుడి పటాల దాకా అన్నీ నట్లూ బోల్టులే. గోడ కూలినా అవి ఊడవు. "పనంటే ఒక్కసారే చెయ్యాలిరా" అనేవాడు. పాత కారు కొన్నాక, బజారు నుంచి నున్నటి స్టీలు గేరు నాబ్ ఒకటి తెచ్చాడు. అది గేరు రాడ్ మీద కాస్త వదులుగా కూచుంది. వదులు! ఆయన ఇంట్లో! దాంతోపాటు ఇచ్చిన రబ్బరు తొడుగునీ చిన్న స్క్రూలనీ అవతల పారేసి, లోపలంతా ఇనుము అతికే జిగురు నింపి, సుత్తితో దిగ్గొట్టాడు.

మే నెల భిలాయి ఎండలో ఆ నాబ్ పట్టుకునే నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. మొదటి గేరుకే అరచెయ్యి చుర్రుమంది.

"ఏట్రా, కాలిందేటి? ఫర్నేసు కాడ నిలబడ్డోళ్ళం మేం. ఇంజనీరింగోళ్ళ చేతులు వెన్నపూసేటి?"

"దీన్ని తీసేద్దాం మావయ్యా."

"దమ్ముంటే తియ్యి. నువ్వు తీసిన్నాడు నా పేరు మార్చీసుకుంటాను."

ఆ రోజే శపథం పట్టాను. నేను కారు మురుగుకాలవలోకి దింపినప్పుడు ఆ సంగతి వీధిలో ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నదీ ఆయనే. అయినా శపథం శపథమే.

నిజానికి నా పగ చిన్నది. అత్తయ్య ఎప్పుడో లైసెన్సు తెచ్చుకుంది. ఆయన మాత్రం ఆవిణ్ణి ఏనాడూ స్టీరింగ్ ముందు కూర్చోనివ్వలేదు.

"ఆ నాబ్ బరువు, వేడి. నీ చేతికి ఆగదు."

"అయితే మార్చీండి."

"అది ఊడదే!"

జిగురు పోసిందీ ఆయనే, ఊడదని విచారించేదీ ఆయనే. జాముల్‌లో ఉన్న సొంత చెల్లెలి ఇంటికి వెళ్ళాలన్నా ఆవిడ ఈయన తీరిక కోసం కాచుక్కూర్చునేది.

దినకర్మ అయిన మర్నాడు అత్తయ్య తాళాలు నా ఒళ్ళో పడేసింది. "అందరూ కారు అమ్మీమంటున్నార్రా. సాయంత్రం ఎవడో చూడ్డానికి వస్తాడట. ఈలోగా దాన్ని పీకీ. నాను నడపగలిగితే కారు ఉంటది. లేపోతే పోద్ది."

యుద్ధం మొదలైంది. హెయిర్ డ్రయర్ పెట్టి జిగురు కంపు కొట్టేదాకా కాల్చాం. గుడ్డ చుట్టి పైపు రెంచీ వేస్తే, రెంచీ జారి నాబ్ ఇంకా మెరిసింది.

"ఏటి ఇంజనీరుగారూ, హోగయా?"

"దగ్గరికొచ్చేసిందత్తా."

"అరే, పొద్దుట్నుంచీ దగ్గరికే వస్తాంది!"

చివరికి లోపల ఏదో టక్కున చిట్లింది. నాబ్ ఊడి, కారు కప్పుకి కొట్టుకుని, సరిగ్గా నా గడ్డం మీద పడింది. పోయాక కూడా ఒకటి తగిలించాడు మావయ్య.

కొత్త నాబ్ తెచ్చేదాకా ఆగమన్నాను. అత్తయ్య ఆగలేదు. జిగురు పెంకులంటిన బోడి రాడ్డునే పట్టుకుని స్టార్ట్ చేసింది. కొనడానికొచ్చినాయన చూస్తుండగానే, మొదటి గేరులోనే, మూలుగుతూ కారు వీధి చివరికంటా వెళ్ళి జాముల్ వైపు తిరిగింది.

ఆ నాబ్ నేనే పీకానని మీరింతవరకూ అనుకుని ఉంటే నా రాత ఫలించినట్టే. పీకింది అత్తయ్య. కొంగు నడుముకి దోపి, రెండు సీట్ల మీదా రెండు మోకాళ్ళూ ఆనించి, ఒక్కో గుంజుకీ ఆయన్ని ఒక్కో తిట్టు తిడుతూ, ఏడుస్తూ పీకింది. నేను చేసిన వాటిలో పనికొచ్చింది ఒక్కటే. కొనడానికొచ్చినాయన స్కూటర్ అడ్డంగా ఉంటే పక్కకి జరిపించి, గేటు బార్లా తెరిచాను.