ఆంటీ నిలబడ్డ కోట

మంగళవారం ఉదయం ఆఫీసు మీటింగులో ఉండగా మా రిచ్‌మండ్ హిల్ తెలుగువాళ్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. "రిటైర్డ్ సివిల్ ఇంజనీరు గారు ఇక లేరు" అని. నిద్రలోనే పోయారట. చదవగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన్ని రిటైర్డ్ అంటే ఊరుకునేవారు కాదు. "ఉద్యోగం మానేశానమ్మా, ఇంజనీరింగ్ మానెయ్యలేదు" అనేవారు. ఆయన గురించి మీకు చెబితే నా మనసు కాస్త కుదుటపడుతుందేమోనని రాస్తున్నాను. ఎందుకంటే పోయేముందు ఏడాది పాటు ఆయనకు స్థిమితం లేకుండా చేసింది నేనే.

మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవారు. వీధిలో తెలుగువాళ్లమంతా ఇంజనీర్ అంకుల్ అనేవాళ్లం. గోదావరి జిల్లా మనిషి. పెళ్లయిన కొత్తలో కంపెనీ ట్రైనింగుకు పంపితే ఆంటీతో కలిసి జపాన్ వెళ్లారు, ఆ తర్వాత కెనడా వచ్చి స్థిరపడ్డారు. ఆంటీని నేను చూడలేదు. మేం ఆ వీధిలోకి రాకముందే పోయారు. హాల్లో ఆవిడ ఫొటో ఒకటి ఉండేది. పెద్ద రాతిగోడ ముందు, చీర మీద స్వెటర్ వేసుకుని, ఎండకి కళ్లు చికిలించి నిలబడ్డారు. "కుమామోతో కోట. మీ ఆంటీ" అని వచ్చినవాళ్లందరికీ అదే వరసలో పరిచయం చేసేవారు.

ఆ కోట చరిత్రను ఆయన తెలుగులో రాస్తుండేవారు. శనివారాలు లైబ్రరీలో ఐదారుగురం కూర్చుంటే చదివి వినిపించేవారు. కోటగోడ కింద ఏటవాలుగా మొదలై పైకి పోయేకొద్దీ నిటారుగా లేస్తుందని, శత్రువు ఎక్కడం మొదలుపెట్టి సగంలో చిక్కుకుపోతాడని చేత్తో గాల్లో గీసి చూపించేవారు. ముట్టడిలో తిండి అయిపోతే పనికొస్తాయని అక్కడి చాపల్లో ఎండబెట్టిన చేమకాడలు దట్టించారట. "చాప చింపితే పులుసు రెడీ!" అని తనే ముందు నవ్వేవారు. తిరిగి వచ్చేటప్పుడు కొత్త టౌన్‌హౌసుల దగ్గర ఆగి, మట్టి జారకుండా కట్టిన గోడని వేలితో కొట్టి చూసేవారు. "నీళ్లు పోయే దారి ఏదీ?" అని కంచె అవతలి మేస్త్రీలను ఇంగ్లీషులో నిలదీసేవారు. నేను సిగ్గుతో నాలుగడుగులు ముందు నడిచేదాన్ని.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు పట్టడమే నా ఉద్యోగం, ఇంటికొచ్చినా ఆ బుద్ధి పోదు. ఓ రోజు వాళ్లింట్లో టీ తాగుతూ ఫొటోలో మూలన ఉన్న తెల్లటి కట్టడం ముక్కను చూశాను.

"అంకుల్, ఆ కోట నల్లగుంటది అన్నరు కదా. ఇది తెల్లగుందేంది?"

"ఎండమ్మా. ఎండ పడితే నలుపైనా అలాగే మెరుస్తుంది."

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. మర్నాడు లాప్‌టాప్‌లో కుమామోతో బొమ్మలు పట్టుకెళ్లి ఆ ఫొటో పక్కన పెట్టి చూపించాను. ఈ గోడకి ఆ వంపు లేదు, కిందనేమో కందకంలో తామరాకులు. ఇది వేరే కోట అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఫొటో తీసింది నేనా, నువ్వా?" అన్నారు.

రెండు శనివారాలు లైబ్రరీకి రాలేదు. మూడో వారం తనే మా ఇంటి బెల్లు కొట్టారు. చేతిలో ఆ ఫొటో, షేవింగ్ బ్లేడు. "దీన్ని అట్టకి అంటించేశాను. వెనకాల మీ ఆంటీ ఏదో రాసే ఉంటుంది, దానికి ఆ అలవాటు. నా చేతులు వణుకుతున్నాయి, నువ్వు ఒలువు" అన్నారు. అరగంట సేపు ఒలిచాను. వెనక ముత్యాల్లాంటి అక్షరాలు. "షిమబారా. పడవలో వచ్చాం. దారంతా ఈయనకి వాంతులు. నేను బాగానే ఉన్నాను."

అంకుల్ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. "ఆ పడవ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. అది చెప్పలేదు. నేనే మర్చిపోయాను."

నవ్వుతో అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన కుమామోతోకి అఖాతం అవతల ఉన్న ఆ షిమబారా గురించి చదవడం మొదలుపెట్టారు. చిన్న సంస్థానం, ప్రభువుకేమో పెద్ద కోట కావాలి. రైతుల్ని పన్నులతో పిండి కట్టించాడు. అతని కొడుకు ఇంకా పిండాడు. చివరికి జనం తిరగబడితే ఆడా మగా పిల్లా జెల్లా అని చూడకుండా చంపేశారు. పొద్దున్నే నేను రైల్లో ఉండగా అంకుల్ ఫోన్ వచ్చేది. "ఇన్నేళ్లూ గోడ ఎలా నిలబడిందో రాశానమ్మా. ఎవరి కంచంలో కూడు లాక్కుని నిలబెట్టారో చూడలేదు. మీ ఆంటీ రైతుబిడ్డ. దాన్ని తీసుకెళ్లి ఏ గోడ ముందు నిలబెట్టానో చూడు."

పాత నోటుబుక్కులు బేస్‌మెంట్‌లో పడేసి మొదటి పేజీ నుంచి కొత్తగా మొదలుపెట్టారు. పాతది కూడా మంచిగనే ఉంది కదా అంటే వినలేదు. "ఇంజనీరు తప్పు దాచుకోలేడమ్మా. అందరికీ కనపడేంత ఎత్తులో ఉంటుంది. కూలగొట్టి కట్టాల్సిందే." నడక మానేశారు. భోజనం వేళకి తినడం లేదని సార్నియాలో ఉన్న వాళ్లమ్మాయి నాకు ఫోన్ చేసి అడిగింది. "వై డిడ్ యు టెల్ హిమ్? హి వాజ్ హ్యాపీ." నిజం చెప్పానా, ఆయన చివరి రోజుల్ని పాడుచేశానా? ఆ మాట నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఫ్యూనరల్ హోమ్‌లో తెర మీద పాత ఫొటోలు వేస్తున్నారు. ఆంటీ ఫొటో వచ్చింది. కింద ఇంగ్లీషులో "అమ్మ, కుమామోతో కోట" అని ఉంది. వెనక వరసలో నేను హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుని, ఈ ఒక్కసారికి నోరు మూసుకుందామని నిశ్చయించుకున్నాను. ఇంతలో వాళ్లమ్మాయే ఫొటోల్ని అక్కడ ఆపింది. లాప్‌టాప్ చేత్తో పట్టుకుని నా దగ్గరికి నడిచి వచ్చింది.

"ఇది రాంగ్. నాన్న లాస్ట్ వీక్ ఫోన్‌లో చెప్పారు. ద బోట్, ద వాంతులు, ఎవ్రీథింగ్. అమ్మ పోయాక అమ్మ గురించి అంతసేపు మాట్లాడటం అదే ఫస్ట్ టైమ్." కింద రాసినదాన్ని వేలితో చూపించింది. "నాకు ఆ ప్లేస్ పేరు గుర్తు రావట్లేదు. మీరు చెప్పండి, నేను టైప్ చేస్తా."

అందరూ చూస్తుండగా పెద్ద తెర మీద పాత పేరు ఒక్కో అక్షరమే చెరిగిపోయింది. నేను లేచి ఆమె పక్కకి వెళ్లాను. ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. పేరు లేని కోట ముందు, ఎండకి కళ్లు చికిలించి, ఆంటీ అలాగే నిలబడి ఉన్నారు.